ఎడమనూలు కట్టిన గొట్టం

సాంతా క్రూస్,
14 మే 1991

సతుర్నీనా అక్కకి,

డ్రైవర్ కాసిమిరో చేత నువ్వు పంపిన ఉత్తరం, ఎండు చేపల మూట రెండూ అందాయి. ఉత్తరం కన్నా చేపల వాసనే ముందు అందింది. వార్డులో నాతో పనిచేసే నర్సులంతా ముక్కులు మూసుకుని పారిపోయారు. ఈ వేడి ఊళ్ళో పుట్టినవాళ్ళకి మన సరస్సు చేపల రుచి ఏం తెలుస్తుంది? మొత్తం నేనొక్కడినే తిన్నాను.

ఇక అసలు సంగతి. లెయోన్సియో బావ గజ్జల్లో ఉబ్బు చిన్న గుమ్మడికాయంత అయిందని రాశావు. దాన్ని గుడ్డతో బిగించుకుని ఈ కోతల్లో కూడా బంగాళాదుంపల బస్తాలు మోశాడని రాశావు. బావ మొండితనం నాకు తెలియనిది కాదు. కానీ అక్కా, ఆ ఉబ్బు పేగు. పొట్ట గోడ బలహీనపడి పేగు కిందికి జారింది. దాన్నే హెర్నియా అంటారు. ఏదో ఒక రోజు అక్కడే మెలిపడి ఇరుక్కుంటుంది. అప్పుడు మనిషి దక్కడం కష్టం. అలా పోయినవాళ్ళకి ఈ వార్డులో నా చేత్తో దుప్పటి కప్పాను. బావకి ఆ గతి పట్టకూడదు.

కోతలు అయిపోయాయి కదా, జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళు. మగవాడు గజ్జల్లో కత్తి పెట్టించుకోవడమేమిటని గొణిగితే, ఆ గుమ్మడికాయని మోసుకుంటూ పండక్కి డాన్సు ఎలా చేస్తావని నేనడిగానని చెప్పు. నవ్వుతాడు. నవ్వుతుండగానే లారీ ఎక్కించు.

నీ తమ్ముడు,
ఫోర్తునాతో


కొల్కెపట,
29 మే 1991

ఒరే ఫోర్తునాతో,

నువ్వన్నట్టే నవ్వాడు, నువ్వన్నట్టే ఎక్కించాను. ఆపరేషన్ అయింది. డాక్టరు చిన్నవాడు, గోధుమరంగు జుట్టు, ఎక్కడివాడో తెలియదు. మన భాష ఒక్క ముక్క రాదు. నర్సు చెప్పిందే వేదం.

మేము ఇంటికి వచ్చేశాం. రోడ్డు మూసేస్తున్నారని పుకారు వచ్చింది. లా పాస్ రోడ్డు మీద రైతు సంఘం వాళ్ళు రాళ్ళు దొర్లిస్తే మళ్ళీ ఎప్పుడు తీస్తారో నీకు తెలుసుగా. ఇంటి దగ్గర గొర్రెలు, పిల్లలు. డాక్టరు వద్దన్నాడు కానీ మీ బావే పంపించమని పట్టుబట్టాడు. వారం లోపల రండి, గొట్టం తీస్తాను అన్నాడట డాక్టరు.

ఆ గొట్టం గురించే రాస్తున్నాను. కోసి కుట్టిన చోట కాకుండా పక్కన ఇంకో చిన్న గంటు పెట్టి సన్నని గొట్టం బయటికి తీశారు. దాని చివర రబ్బరు బుడ్డి, గుప్పిట్లో పట్టేంత. మొదట అందులోకి నెత్తురు వచ్చింది. తర్వాత మాంసం కడిగిన నీళ్ళలాంటిది వచ్చింది. ఇప్పుడు పసుపునీళ్ళు వస్తున్నాయి. ఎండలో పట్టుకుని చూస్తే పైన చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది, పులుసు మీద తేలినట్టు.

మా అత్తగారు ఆ బుడ్డిని చూసింది. ఆ చిన్న గంటునీ చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ సంగతి నీకు తెలుసు, కోడి కూసినా ఏదో ఒకటి అంటుంది. ఏమీ అనకపోయేసరికి నాకు భయం వేసింది.

ఆ నీళ్ళేమిటో రాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఎంత పోతే ఆగుతాయి?

మీ అక్క


సాంతా క్రూస్,
6 జూన్ 1991

అక్కా,

ఆపరేషన్ అయిందని చదివి, వార్డులోనే ఈల వేశాను. పెద్ద నర్సు చేత చివాట్లు కూడా తిన్నాను.

ఆ నీళ్ళకి భయపడకు. పెద్ద ఉబ్బు తీసేశాక లోపల ఖాళీ మిగులుతుంది, అందులో నీరు ఊరుతుంది. అది లోపల నిలవకుండా గొట్టం పెట్టారు. నెత్తురు పోయి పసుపు రావడం మంచిదే. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒకటి. బుడ్డి మూత తీసి పారబోసి, గాలి పోయేలా గట్టిగా నలిపి, నలిపినట్టే పట్టుకుని మూత పెట్టెయ్. ఇక అదే తనంతట తాను లోపలున్నదంతా లాగేస్తుంది. మేమిక్కడ ఎంత వచ్చిందో కొలిచి రాసుకుంటాం కూడా, డాక్టర్లు అడుగుతారు. తగ్గిందంటే పీకేస్తారు.

డాక్టరు చెప్పిన వారం దాటింది, గొట్టం ఇంకా తీయించకపోతే వెంటనే తీసుకెళ్ళు.

బావ కాస్త చిక్కుతాడు. కంగారుపడకు. మన వంశానికి కావలసిన కండంతా నేనిక్కడ పెంచుతున్నాను. అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేనంత లావయ్యాను. నా పాత ప్యాంట్లు బావకి పంపిస్తా, ఒక్కో దాంట్లో ఇద్దరు పడతారు.

ఫోర్తునాతో


కొల్కెపట,
15 జూన్ 1991

తమ్ముడూ,

రోడ్డు ఇంకా తియ్యలేదు. ఉత్తరాలు రాళ్ళకి ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు చేతులు మార్చుకుంటున్నారు. మనిషిని అలా మార్చలేం. మీ బావ రెండడుగులు వేస్తే కూర్చుండిపోతున్నాడు.

ముందు బాగానే ఉన్నాడు. తర్వాత చిక్కడం మొదలైంది. పగలంతా నిద్ర. కళ్ళు లోపలికి పోయాయి. మంచులో పెట్టిన దుంపల్ని తొక్కి, ఎండబెట్టి చున్యో చేసే రోజులు ఇవి, ఊరంతా పొలంలో ఉంది. ఆయన మాత్రం గోడకి ఆనుకుని తన కాళ్ళకేసి చూస్తూ కూర్చుంటున్నాడు.

నేను బుడ్డి నలుపుతుంటే అత్తగారు వచ్చి నిలబడింది. "ఏమే, అది ఎవరి కోసం నింపుతున్నావే?" అంది. "పారబోస్తున్నానత్తా" అన్నాను. "నువ్వు పారబోసేది నువ్వు చూసినంతే. నువ్వు చూడనిది ఎక్కడికి పోతోందో!" అంది.

తమ్ముడూ, నువ్వే రాశావు, లోపలున్నదంతా లాగేస్తుందని. లోపలున్నదంతా అంటే ఏమిటి? మీరు కొలిచి రాసుకుంటారని కూడా రాశావు. ఎవరికి లెక్క చెప్పడానికి?

మీ బావకి మన పాస్కువాల్ మామయ్యకి వచ్చిందే వచ్చింది. దాని పేరు నేను రాయను, నువ్వూ రాయకు. జబ్బు మనిషి చెవిన ఆ పేరు పడకూడదు. ఆయనకి మాత్రం కడుపులో చలి చేసిందని చెప్పాం. నల్ల గొర్రెని కోసి దాని కొవ్వుతో పులుసు పెట్టి ఏమిటో చెప్పకుండా తాగిస్తున్నాం. చెడు దాటకుండా అత్తగారు ఎడమచేతి వాటంగా వడికిన నూలు తెచ్చి గొట్టాన్ని ఒంటికి ఆనుకున్న చోటే బిగించి ముడి వేసింది. ఇక చుక్క కూడా రావడం లేదు.

మీ అక్క


సాంతా క్రూస్,
22 జూన్ 1991

అక్కా,

ఆ నూలు తెంపు. ఈ కాగితం పక్కన పెట్టి ముందు అది తెంపి రా. నీరు లోపలే నిలిచిపోతే చీము పడుతుంది.

మామయ్యకి వచ్చిందే అన్నావు. అప్పుడు నేను చిన్నవాణ్ణి. మామయ్య చిక్కి చిక్కి ఎముకల గూడైపోవడం మాత్రం గుర్తుంది. పెద్దవాళ్ళు నాకేమీ చెప్పలేదు కానీ, ఇప్పుడు ఆలోచిస్తే అది క్షయే. బావకి దగ్గుందా? కళ్ళెలో నెత్తురు పడుతోందా? ఉంటే సూదిమందు వెంటనే మొదలుపెట్టాలి. కింది ఊళ్ళో ఆరోగ్య కేంద్రం ఉందిగా, అక్కడి మనిషిని గాడిద మీదైనా రప్పించి ఇంజక్షన్లు చేయించు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంజక్షన్లు చేయించు.

మా సర్జన్ పెడ్రాసా గారికి అంతా చెప్పాను. గొట్టం మాట వినగానే నవ్వాడు. "ఇంకా అలవాటు కొద్దీ పెడుతున్నారా? మామూలు హెర్నియాకి ఆ గొట్టం అక్కర్లేదయ్యా. మరీ పెద్దవాటికి కొందరు పెడతారు, నీరు తగ్గగానే తీసేస్తారు. అట్టే రోజులు ఉంచితే లోపలిది బయటికి రావడం అటుంచి, బయటివి లోపలికి పోవడానికి అదే తలుపు" అన్నాడు. తర్వాత నవ్వడం ఆపేశాడు. అది చూశాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఫోర్తునాతో


కొల్కెపట,
30 జూన్ 1991

ఫోర్తునాతో,

క్షయ ఎవరికి? మామయ్య ఒక్కరోజు కూడా దగ్గలేదు. సంత నుంచి లారీలో వస్తూ నిద్రపోయాడు, లేచేసరికి డొక్కలో చిన్న గంటు ఉంది. నెల తిరక్కుండా పోయాడు. ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి నీకు తెలియదంటే నేనేమనుకోవాలి? మరిచిపోయావా, మరిచిపోయినట్టు రాస్తున్నావా?

ఆ జబ్బు మనిషికి సూది పొడిస్తే పొద్దు గుంకేలోగా పోతాడు. మామయ్యకి అదే జరిగింది. మూడుసార్లు రాశావు నువ్వు, ఇంజక్షన్లు, ఇంజక్షన్లు అని. పొయ్యి దగ్గర కూర్చుని అత్తగారికి అదంతా చదివి వినిపించాను. అక్కర్లేని గొట్టమని మీ డాక్టరు అన్నాడన్నావు. అక్కర్లేకపోతే ఎందుకు పెట్టారురా? దానికి ఆయన నవ్వాడన్నావు. ఆ నవ్వు దగ్గరే అత్తగారు ఇక చదవొద్దంది.

ఉబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎర్రగా, చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. కోకా ఆకుల్లో జోస్యం చూసే తాతని పిలిపించాం. ఆకులు పరిచి చాలాసేపు చూశాడు. "తీసినవాడు దూరంగా ఉన్నాడు. దారి చూపించినవాడు మీవాడే" అన్నాడు. అందరూ నాకేసి చూశారు.

లావయ్యానని నువ్వు రాసిన ముక్క అత్తగారికి చదవకుండా ఉండాల్సింది. నాకేం తెలుసు, నవ్వుతుందనుకున్నాను.

సతుర్నీనా


సాంతా క్రూస్,
8 జూలై 1991

అక్కా,

ఖరిసిరి. ఇదిగో, రాశాను. నువ్వు రాయడానికి వణికిపోతున్న పేరు ఇదేగా? బావకి ఖరిసిరి పట్టిందని, మనుషుల కొవ్వు తీసి అమ్ముకునేవాడు గొట్టం పెట్టి ఆయన కొవ్వంతా లాగేశాడని, అంతేగా మీరంతా అనుకుంటున్నది? రాశాను కదా, నా చెయ్యి పడిపోలేదు. ఇంటి కప్పు కూలలేదు.

అది కొవ్వు కాదు. గాయం ఊటనీరు. నీ మోకాలు గీరుకుపోతే పైన ఊరుతుందే, అదే. దాని మీద మెరుపు ఉంటే ఉంటుంది, అదేమీ బావ ప్రాణం కాదు. బావని ఇప్పుడు చంపుతున్నది ఆ గొట్టం కూడా కాదు, దానికి మీరు కట్టిన ముడి.

దారి చూపించినవాడు మీవాడే అన్నాడా ఆ తాత? చిన్నప్పుడు నన్ను వీపున కట్టుకుని గొర్రెలు తోలావు. నా జ్వరాలన్నీ నీ ఒళ్ళోనే తగ్గాయి. ఆ నన్ను పట్టుకుని, మరిచిపోయినట్టు రాస్తున్నావా అని అడుగుతావా? ఎవరో అడిగితే తిట్టి ఊరుకునేవాణ్ణి. నువ్వడిగావు. ఆ రోజు అన్నం ముట్టలేదు, ఏడ్చాను. ఇంత లావు మనిషి ఏడుస్తుంటే చూడలేక పక్కగది వాడు తలుపేసుకున్నాడు.

రోడ్డు తీశారని రేడియోలో విన్నాను. తాతనీ, అత్తగారినీ, నన్నూ అందర్నీ తర్వాత తిట్టుకుందువుగాని. ముందు బావని లారీ ఎక్కించు.

నీ ఫోర్తునాతో


కొల్కెపట,
17 జూలై 1991

తమ్ముడూ,

నీ ఉత్తరాలు ఎప్పుడూ ముందు నేను చదువుకుని తర్వాత ఆయనకి వినిపించేదాన్ని. ఈసారి కాసిమిరో వచ్చి నా చేతిలో పెట్టేసరికి నేను ఆయన పక్కనే ఉన్నాను. ఎన్నాళ్ళకో కళ్ళు తెరిచి, "ఫోర్తునాతో రాశాడా? చదువు. ఏం జోకులు వేశాడో విందాం" అన్నాడు. నోరు విప్పాడన్న సంతోషంలో అక్కడికక్కడే చించి గట్టిగా చదివాను.

మొదటి మాటే అది. నా నోటితోనే అన్నాను. కళ్ళు చూసేలోపే నాలుక పలికేసింది.

ఆయన నాకేసి చూశాడు. కోపం లేదు. "అదా?" అన్నాడు. "అందరికీ తెలుసా?" అన్నాడు. నేను మిగతాది చదివాను, కొవ్వు కాదని, ఊటనీరని, గుక్క తిప్పుకోకుండా చదివాను. ఆయన వినలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పట్నుంచి పులుసు నోట్లో పోస్తే పక్కనుంచి కారిపోతోంది.

అత్తగారు పెరట్లోకి వెళ్ళినప్పుడు నువ్వు చెప్పినట్టు నూలు తెంపాను. బుడ్డి నలిపాను. పచ్చగా చిక్కటిది వచ్చింది, ఇల్లంతా వాసన. కాస్త తేలిక పడ్డట్టు ఊపిరి వదిలాడు. అంతలో ఆవిడ తిరిగొచ్చి తెగిన నూలు చూసింది. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు కూడానా?" అంది.

లారీ ఎక్కించనివ్వడం లేదు. ఎవరూ మొయ్యడానికి రావడం లేదు. నేనొక్కదాన్నే ఎలా మొయ్యను?

ఆ పేరు ఎందుకు రాశావురా? వద్దన్నానుగా.

సతుర్నీనా


సాంతా క్రూస్,
25 జూలై 1991

అక్కా,

నేనే వస్తున్నాను. సెలవు దొరికింది. శనివారం బస్సు ఎక్కుతాను, లా పాస్‌లో దిగి అక్కడ దొరికిన లారీ పట్టుకుని వంతెన దగ్గర దిగుతాను. అక్కడి నుంచి నడిచే వస్తాను. ఇది నీకు అందేలోపే నేను గుమ్మంలో ఉంటానేమో, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

పెడ్రాసా గారు మందులిచ్చారు. సంచీ నిండా సర్దుకున్నాను. సూదిమందు, సిరంజిలు, చీము తియ్యడానికి చిన్న కత్తి, కొత్త గొట్టం ఒకటి. బావ పక్కనే కూర్చుని అంతా నా చేత్తో చేస్తాను. ఎవరొద్దన్నా వినను. వార్డులో వేసుకునే తెల్లకోటు కూడా వేసుకునే వస్తాను. ఊళ్ళోవాళ్ళు నన్ను చూసి ఎన్నేళ్ళయింది! మామూలు బట్టల్లో వస్తే ఎవడో అనుకుంటారు. కోటు చూస్తే ఆసుపత్రి మనిషని తెలుస్తుంది, అడ్డు చెప్పకుండా దారి ఇస్తారు.

ఆ పేరు రాసినందుకు నన్ను కొట్టు. వచ్చాక ఎంత కావాలంటే అంత కొట్టు. బావని మాత్రం నేనొచ్చేదాకా పట్టుకుని ఉండు.

నీ ఫోర్తునాతో


కొల్కెపట,
28 జూలై 1991

తమ్ముడూ,

మీ బావ పోయాడు. బుధవారం మధ్యాహ్నం, ఎండ బాగా కాస్తున్నప్పుడు. నొప్పి లేదన్నాడు. "నాలోంచి చాలా తీసుకున్నారు సతూ" అన్నాడు, అంతే. మర్నాడు పూడ్చాం. గొట్టం తీసి మంటలో వెయ్యమన్నారు. రబ్బరు సరిగ్గా కాలలేదు.

నిన్న బడి ముందర ఊరంతా కూడింది. గొట్టం ఎవరు పెట్టారని అడిగారు. ఆసుపత్రి వాళ్ళు అన్నాను. వాళ్ళ దగ్గరికి వెళ్ళమని చెప్పిందెవరని అడిగారు. "తెగిన నూలు సంగతి నేను చెప్పనా?" అంది అత్తగారు, నా పిల్లల్ని తన పక్కకి లాక్కుని. అప్పుడు నీ పేరు చెప్పాను. గుర్తులు అడిగారు. లావుగా ఉంటాడా, సంచీ ఉంటుందా, తెల్లబట్టలు వేస్తాడా అని. అన్నిటికీ తల ఊపాను.

మగవాళ్ళు వంతుల వారీగా వంతెన దగ్గర కాపలా ఉన్నారు. ఆగిన ప్రతి లారీ వెతుకుతున్నారు. పొద్దున ఒక చిల్లర సామాన్ల బేరగాణ్ణి దింపి సంచీ గుమ్మరించారు. సబ్బులు, దువ్వెనలు ఉన్నాయి కాబట్టి వదిలారు. వాళ్ళు తెచ్చుకున్న కిరసనాయిలు డబ్బా మాత్రం అక్కడే ఉంది. అందరూ మనకి తెలిసినవాళ్ళే. నీతో బంతి ఆడినవాళ్ళే.

నువ్వు అదా కాదా అని నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. నువ్వు నా వీపున పెరిగినవాడివి. ఏదైనా సరే, నీ మీద చెయ్యి పడితే నేను బతకలేను. అందుకని రాస్తున్నాను, రాకు. బావ కోసమని రాకు, నన్ను చూడ్డానికి రాకు, క్షమాపణ అడగడానికి కూడా రాకు. కాసిమిరో రేపు బయల్దేరతాడట, ఇది అతని చేతికిస్తాను.

అయినా నువ్వెక్కడ వస్తావులే. అమ్మ పోయినప్పుడు రాలేదు, నా పెళ్ళికి రాలేదు, ప్రతి పండక్కీ సెలవు దొరకలేదనే రాశావు. ఇన్నేళ్ళూ నీ మీద అదే కోపం నాకు. ఇవాళ ఆ కోపం లేదు. నువ్వు రానివాడివని తలుచుకుంటేనే నాకు నిద్ర పడుతోంది.

మీ అక్క